ఆపా తాగిన మొదటి గుక్క

మా పక్కింటి ముస్లిం అక్క, వీధికంతా ఆపా, శుక్రవారం పొద్దున పోయింది. గుండె ఆగిందన్నారు. ఆ కబురు పక్క గదిలో ఉన్న నా మనవరాలికి చెప్పాలా వద్దా అని నేనూ నా కూతురూ వంటింట్లో గుసగుసగా పోట్లాడుకున్నాం.

"ఇప్పుడిప్పుడే జర తేరుకుంటున్నది. మళ్ల మొదలైతే?" అంది కూతురు. ఆపా ఉంటే ఇద్దరినీ తిట్టేది.

రెండేళ్ల కిందట, మనవరాలికి ఇరవై నాలుగేళ్లప్పుడు, శంషాబాద్‌లో మా ఇంటి మీదుగా విమానం దిగినప్పుడల్లా అందులోంచి ఎవరో తన పేరు పిలుస్తున్నారనేది. కిటికీలకు దుప్పట్లు కట్టింది. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని కదా, విమానం ఎంత ఎత్తులో పోతుందో, మనిషి గొంతు ఎంత దూరం వినబడుతుందో కాగితం మీద లెక్క వేసి చూపించాను. చించి నా మొహాన కొట్టింది. లెక్క మాత్రం సరైనదే.

డాక్టరు మందులు రాశారు. మింగనంది. ఒకరోజు గోలీని రోట్లో నూరి పెరుగన్నంలో కలపబోతుంటే, కొత్తిమీర కోసం వచ్చిన ఆపా గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది టీచరమ్మా, గోలీతోని చట్నీ చేస్తున్నవా?"

"పిల్ల బాగుపడొద్దా? ఏడో తరగతి దాటనిదానివి, నీకేం తెలుసు ఆపా?"

"అవ్, దాటలే. గీ పరీక్షల మాత్రం నీకంటే ముందే ఫేలైన." గిన్నె నా చేతిలోంచి లాక్కుంది. "మా తమ్మునికి గిట్లనే కలిపిన. ఒకనాడు చూసిండు. ఏడాది నా చేతి బువ్వ ముట్టలే. విషం పెడుతున్నరని వానికి ముందే అనుమానం. నేను నిజం చేసి చూపించిన."

ఇది చదువుతున్న మీలో ఎవరైనా ఇప్పుడు గోలీ నూరుతుంటే, రోలు కడిగేసి డాక్టరును అడగండి. మేమూ అదే చేశాం. ఆపా మాతో దవాఖానాకు వచ్చి, నేను నామోషీ పడి అడగనివన్నీ అడిగింది: పిలుపు వినబడుతుందంటే ఏమనాలి, మందు వద్దంటే ఏం చేయాలి, ఎప్పుడు పరుగెత్తుకు రావాలి. నేను పక్కన కూర్చుని నోటుపుస్తకంలో రాసుకున్నాను. "నాకు వినబడలేదు బిడ్డా, నీకు భయమైతున్నదని మాత్రం తెలుస్తున్నది" అనే ఒక్క మాట నా నోటికి అలవాటు కావడానికి నెల పట్టింది.

రోజూ సాయంత్రం ఆపా చాయ్ తెచ్చేది. తలుపు బయటే నిలబడి, "నేనే, ఆపాని. చాయ్ తెచ్చిన, అండ్ల ఇంకేం లేదు" అనేది. తలుపు సందులోంచి పిల్ల చూస్తుండగా ఆ గ్లాసులోంచే ఒక గుక్క తాగి అందించేది. ఎంగిలి చాయ్ ఏమిటని నేను మొహం చిట్లిస్తే, "ఎంగిలి గాదు టీచరమ్మా, జామీను" అంది. పది రోజులు గ్లాసు నిండుగానే తిరిగొచ్చింది. పదకొండో రోజు ఖాళీగా వచ్చింది. "ఇది మందు" అని చెప్పి చేతిలో పెడితే పిల్ల మింగడం ఇంకా చాలా రోజుల తర్వాతి సంగతి.

ఆ శుక్రవారం వంటింటి పోట్లాట తెగక, చివరికి నేనే వెళ్లి పిల్ల గది తలుపు కొట్టాను. వెనకనుంచి కూతురు నా కొంగు పట్టుకుని లాగుతోంది.

"నేనే, అమ్మమ్మని. చెడ్డ కబురు తెచ్చిన. దాయను."

తలుపు తెరిచింది. చెప్పాను. సరిగ్గా అప్పుడే మా నెత్తి మీదుగా విమానం దిగింది. పిల్ల పైకి చూసింది.

"పిలిచిన్రు అమ్మమ్మా," అంది. చున్నీ అందుకుని, "పిలువనియ్యి. ఆపా ఇంటికి పోదాం. ముందు నువ్వు కూసో, పొద్దటి సంది ఏం తాగినట్టు లేవు."

వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టుకొచ్చింది. నా ఎదుట నిలబడి, తను ఒక గుక్క తాగి, గ్లాసు నా చేతికిచ్చింది.