పెడల్ తొక్కేవాడి కోసం చూసిన మామ

మా మేనమామ పోయారు. ఆ కబురు ఆయన ఫోను నుంచే వచ్చింది. అశోక్ చౌక్‌లో కార్ఖానా ముందు నూలు మూటలు దింపిస్తున్నాను. తెర మీద ఆయన పేరు చూసి, ‘మళ్లీ ఆ బ్రేకు గోలే’ అని విసుక్కుని ఎత్తలేదు. రెండోసారి మోగితే ఎత్తాను. అవతల అత్త ఏడుస్తోంది. ఛీ, ఏం మనిషిని నేను!

మీలో కొందరు ఆయన్ను చూసే ఉంటారు. మన ఊరి కొంతం చౌక్ దగ్గర టవళ్ల మగ్గాలు, ఇంటి ముందు రేకుల కింద ఓ ముసలి కారు. ఎప్పుడు చూసినా కారు కింది నుంచి రెండు కాళ్లు మాత్రం బయటికి ఉండేవి. దారిన పోయేవాళ్లు ఆ కాళ్లకే నమస్తే చెప్పేవాళ్లు. “బండి నడుసుడు పెద్ద ముచ్చట గాదు రా, ఆగాలె” అనేవారు మామ. పోగు తెగినా ఆగని మగ్గాన్ని కూడా అలాగే తిట్టేవారు.

ఈమధ్య ఆ కారు బ్రేకే మొండికేసింది. తొక్కితే మొదట గట్టిగానే తగిలేది, కాలు అలాగే ఉంచితే పెడల్ మెల్లగా అడుగుకు జారేది. చక్రాలు ఊడదీసి చూశారు, లోపల తడి లేదు. గొట్టాల కీళ్లన్నీ నూలు చిక్కుతో తుడిచారు, చుక్క అంటలేదు. డబ్బాలో బ్రేకు నూనె కూడా తగ్గలేదు. “బయటికి కారుతలేదంటే లోపల్నే జారుతుంది” అని పెడల్ వెనక నూనెను తోసే మాస్టర్ సిలిండర్ విప్పి, అరిగిన రబ్బరు వాషర్లు మార్చారు.

విప్పి బిగిస్తే గొట్టాల్లో గాలి చేరుతుంది. దాన్ని తీయడం ఒక్కరి పని కాదు. ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర మర వదిలి బుడగలు పోనివ్వాలి. తొక్కేవాణ్ణి ఎప్పుడూ నేనే. ఈసారీ మామ నాకే ఫోను చేశారు.

“అరే అల్లుడూ, జరా వచ్చిపో. అర్ధగంట, బస్. కుంభారి ఊర్ల బిడ్డ కొత్తిల్లు మీ అత్తకు సూపియ్యాలె. కార్లనే తీస్కపోత అన్న.”

“రేపు పక్కా వస్త మామా.”

ఆ రేపు ఎన్నిసార్లు చెప్పానో! ఆర్డరు ఉందన్నాను, కరెంటు లేదన్నాను. అసలు సంగతి బద్ధకం. ఆయన ఒక్కసారైనా కసిరి ఉంటే బాగుండేది. “పోనీ తియ్, పని సూస్కో” అనేవారు.

కర్మ అయిన మర్నాడు ఎవరూ పిలవకుండానే వెళ్లాను. పానా ఆయన పెట్టిన చోటే, చక్రం పక్కన ఉంది. అత్త వచ్చి తలుపు తీసి, డ్రైవరు సీట్లో కూర్చుంది.

“నేను తొక్కుత అన్న బిడ్డా. మీ మామ ఇనలే. ‘వాడొస్తడు, వాడు రాకుంట ఎట్లుంటడు’ అనుకుంటనే కూసుండె.”

పానా తీసుకుని కారు కింద దూరాను.

“తొక్కు అత్తా.”

“పట్టిన.”

మర వదిలితే బుడగలు పోయాయి. నాలుగు చక్రాలూ అయ్యాక, “ఇంక కాలు తియ్యకు అత్తా, జారుతదేమో సూద్దాం” అన్నాను. పెడల్ రాయిలా నిలబడింది.

“జారుతలేదు” అంది. మళ్లీ తనే, “గింతేనా బిడ్డా పని?” అంది.

పానా పట్టుకుని కారు కిందే ఉండిపోయాను. పైన అత్త కాలు ఇంకా తియ్యలేదు.