పదిహేడో గొట్టం

నెల్లూరులో టెక్నికల్ స్కూలు చదువు ముగిసిన తర్వాత కొంతకాలం నేను కొయ్య సామాను చేసి సంతల్లో, తిరునాళ్ళలో అమ్ముకుని బతికాను. అరవై, అరవై ఒకటి ఆ ప్రాంతం. అడుగుబద్దకు ఒక పక్క అంగుళాలు, రెండో పక్క కొత్తగా వచ్చిన సెంటీమీటర్లు ఉండే రోజులు. నేను అంగుళాల పక్కనే వాడేవాణ్ణి. చేసినవి నాలుగు రకాలు: కవ్వాలు, పప్పుగుత్తులు, అప్పడాల కర్రలు, మురుకుల గొట్టాలు. మొదటి మూడూ ఎవరైనా చేస్తారు. నాలుగోదే నా గర్వం.

మురుకుల గొట్టాన్ని కొన్ని చోట్ల జంతికల గొట్టం అంటారు. దానికి రెండు భాగాలు. కింద బోలుగా ఉండే గొట్టం, దాని అడుగున చిల్లుల ఇత్తడి బిళ్ళ. పైన ఆ బోలులోకి దిగే నొక్కుడు కట్టె. రెండింటికీ పట్టుకోవడానికి చెరో జత చెవులు. సంతల్లో దొరికే గొట్టాల్లో ఈ కట్టె వదులుగా ఉండి, నొక్కినప్పుడు పిండి సగం పక్కల నుంచి పైకి ఎగదన్నేది. మా అమ్మ బతికున్నప్పుడు పండగ ముందు రోజు ఆ పైకొచ్చిన పిండిని వేలితో తుడిచి మళ్ళీ లోపలికి కూరుతూ ఉండేది. స్కూల్లో పిస్టను, సిలిండరు పాఠం చెప్పినరోజు నాకు గుర్తొచ్చింది ఆవిరి ఇంజను కాదు, ఆ పిండి.

అందుకే నా గొట్టాల్లో కట్టెకూ బోలుకూ మధ్య అంగుళంలో అరవై నాలుగో వంతు మాత్రమే ఖాళీ వదిలాను. ప్రతిదాన్నీ కాలిపర్‌తో మూడు చోట్ల కొలిచాను. మంచి టేకు. మే నెల ఎండలో, బియ్యం మిల్లు వెనక నేను అద్దెకున్న గదిలో చేశాను. కట్టెను బోలులో పెట్టి వదిలితే లోపలి గాలి చిన్నగా నిట్టూర్చినట్టు చిల్లుల్లోంచి పోతూ, కట్టె తనంతట తాను మెల్లగా దిగేది. పని అయ్యాక సాయంత్రాలు ఒక్కణ్ణే కూర్చుని దాన్ని ఎత్తి వదలడం, ఆ సవ్వడి వినడం నాకు అలవాటు. ఆ గదిలో వేరే సవ్వడి మిల్లుది ఒక్కటే.

ఆ వేసవిలో వాటిని తీసుకుని పులికాటు చెరువు ఒడ్డున ఒక ఊరికి వెళ్ళాను. అక్కడ చర్చి దగ్గర వేసవి కూటాలు జరిగేవి. చుట్టుపక్కల క్రైస్తవులంతా వచ్చేవారు, హిందువులూ సామాను కొనుక్కోవడానికి వచ్చేవారు. నెల్లూరు నుంచి దొరవారిసత్రం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఎద్దుబండి. బస్సు మనుబోలులో ఆగినప్పుడు, ఆ ఊళ్ళో కాపురం ఉన్న మా అక్కను చూసి పోదామా అనుకున్నాను. సామాను ఎక్కువగా ఉందని దిగలేదు. సామాను లేని తిరుగు ప్రయాణంలోనూ దిగలేదు.

గొట్టాలు ఇరవై రెండు అమ్ముడుపోయాయి. ఆడవాళ్ళు కట్టె తనంతట తాను దిగడం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ నాకు జాబితాలు రాసే అలవాటుంది. బడిలో పనిముట్ల జాబితా, కొయ్య జాబితా రాయించేవారు, అది పోలేదు. మూడో రోజు రాత్రి పడుకునే ముందు నోటుబుక్కులో, ఆ రోజంతా జనం నాతో అన్న మాటలు రాసుకున్నాను. ఒకటి, ఎంత. రెండు, తగ్గదా. మూడు, కొంచెం పక్కకు జరుగు. నాలుగోది లేదు. పక్క అంగడి గాజులతను మూడు రోజుల్లో నన్ను అగ్గిపెట్టె కూడా అడగలేదు. నేను బీడీ తాగనని అతనికి ఎలా తెలిసిందో.

మళ్ళీ డిసెంబరులో అదే ఊరికి వెళ్ళాను. క్రిస్మస్ ముందు అక్కడ ఐదు రోజుల సంత. అప్పటికి నెలన్నరగా వానలు. బండి బాటంతా బురద, సరుగుడు తోటల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. చర్చి గోడ పక్కన గోనెపట్ట పరిచి ఇంకా మూట విప్పనేలేదు, ఒక ముసలామె నా ఎదుట నిలబడింది. ఆమె చేతిలో నా గొట్టం. పై చెవులు పట్టుకుని దాన్ని నా మొహం ముందు ఊపింది. కింది భాగం ఊడి పడాలి. పడలేదు.

“ఏమబ్బయా,” అన్నది, “నువ్వు మాకు అమ్మింది మురుకుల గొట్టమా, సీసా బిరడానా?”

ఆమె వెనక ఇంకా ఏడెనిమిది మంది. అందరి చేతుల్లో నా గొట్టాలే.

“మా అల్లుడు దీన్ని కాళ్ళ మధ్య ఇరికించుకోని లాగినాడు. ఇది రాలా. ఆయనే వెల్లకిలా పొయ్యి కోళ్ళగంప మీద పడినాడు.”

“కోడి బతికిందా పెద్దమ్మా?” అని ఎవరో అడిగారు.

“కోడికేం, నిక్షేపంగా ఉండాది. ఆయనకే నడుం పట్టేసింది.”

ఇంకొకామె ముందుకు తోసుకొచ్చింది. “మాది పిండితోనే బిగుసుకపొయ్యింది. తలుపుకు అడ్డం పెట్టుకున్నాం. దానికి మాత్రం బాగా పనికొస్తా ఉండాది, ఉన్నమాట చెప్పుకోవాల.”

నేను వాళ్ళకు వివరించాను. మే నెలలో కొయ్య ఎండి ముడుచుకుని ఉంటుంది. వానల్లో తేమ పీల్చి ఉబ్బుతుంది. నిలువునా పెద్దగా ఉబ్బదు, అడ్డంగా ఉబ్బుతుంది. కట్టె లావెక్కుతుంది, బోలు గుండ్రం తప్పుతుంది, అరవై నాలుగో వంతు ఖాళీ పూడిపోతుంది.

పెద్దమ్మ అంతా విన్నది. “కొయ్య ఉబ్బుతాదని నీకు ముందే తెలుసునా?”

“తెలుసు.”

“తెలిసే ఇట్ట చేసినావా?”

పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు నిండు మార్కులు వచ్చాయి. చేసేటప్పుడు ఆ పాఠం గుర్తు రాలేదు. నిట్టూర్పు సవ్వడి అంత బాగుంది.

పండగలోపల అన్నీ బాగుచేసి ఇస్తానన్నాను. మొత్తం పదిహేడు వచ్చాయి. ఏ ఇంటిదో తెలియడానికి గొట్టం అడుగున సుద్దతో అంకెలు వేసి, అవే నోటుబుక్కులోనూ రాసుకున్నాను. పెద్దమ్మదే ఒకటో నెంబరు కావాలి. ఆమె ఒప్పుకోలేదు. “వాళ్ళ ఇళ్ళల్లో పిలకాయలుండారు. ముందు వాళ్ళవి చెయ్యి. నాకేం తొందర?” అందుకని ఆమెది పదిహేడు అయింది.

పని తేలిక కాదు. బిగిసిన కట్టె రావాలంటే కొయ్యను కాస్త ఎండబెట్టాలి. ఎండ లేదు. నా ఎదురుగా ఉన్న టీ అంగడి పొయ్యి పక్కన గొట్టాన్ని పెట్టి, తిప్పుతూ, మాడకుండా చూసుకుంటూ, మెల్లగా తట్టి కట్టెను బయటికి తీయాలి. తర్వాత దాని చుట్టూ ఆకురాయి పట్టి, గరుకు కాగితంతో రుద్ది, అంగుళంలో ముప్పై రెండో వంతు అరగదీయాలి. ఒక్కోదానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా గొట్టం గల మనిషి నా గోనెపట్ట ముందే కూర్చునేది. ఇంటికి పోయి మళ్ళీ రమ్మంటే పోయేవాళ్ళు కాదు. తిరిగి వచ్చేసరికి నేను ఊరు వదిలి పోతానని భయమేమో.

ఆ విధంగా నా అంగడి ముందు జనం చేరారు. అన్ని తిరునాళ్ళు తిరిగినా నా అంగడి కిటకిటలాడింది అప్పుడే. కొనడానికి కాదు, కొన్నది తిరిగి ఇవ్వడానికి. ఊరికే కూర్చున్నవాళ్ళు ఊరికే ఉండరు కదా. నీది ఏ ఊరు, అమ్మానాయనా ఉండారా, ఎప్పుడు పొయినారు, ఒక్కడివే ఎట్ట వండుకుంటావు, చొక్కా గుండీ ఊడిపొయిందే చూసుకోలా. ఈ సంతకూ వచ్చిన గాజులతను కూడా నా దగ్గర కూర్చుని, “మా ఇంటిది కూడా ఒకటి కొనుంటే బాగుండు, ఇట్ట సరదాగా తిట్టుకోవచ్చు” అన్నాడు. మొదటి రోజు మాటల జాబితా రెండు పేజీలు వచ్చింది. రెండో రోజు మాటలు రాయడం మానేశాను. గొట్టాల లెక్కకు తప్ప తీరిక లేదు.

పెద్దమ్మ రోజూ వచ్చేది. తన వంతు రాలేదని తెలిసీ, చిన్న పీట తెచ్చుకుని నా పక్కన వేసుకుని, వచ్చినవాళ్ళ మీద పెత్తనం చేసేది. “ఏయ్, ఆ బిడ్డ చేతులకు అడ్డం రాబాకండి.” నా చెయ్యి పట్టి చూసి, “ఇంత సన్న చేతులతో కొయ్య పనేంది? నువ్వు బళ్ళో అయ్యవారుగా ఉండాల్సినోడివి” అనేది. సరిగ్గా మధ్యాహ్నం వేళకు, తలెత్తకుండానే అడిగేది.

“తిన్నావా?”

“లేదు.”

చీర కొంగు కింద నుంచి చిన్న సత్తుగిన్నె తీసేది. చద్దన్నం, వేయించిన ఎండుచేప. నేను తింటున్నంతసేపూ చెరువు వైపు చూస్తూ ఉండేది. అమ్మ పోయిన నాలుగేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. హోటళ్ళలో అడుగుతారు, “తింటావా” అని. అది వేరే మాట.

మూడో రోజు సాయంత్రానికి పదహారు అయ్యాయి. మిగిలింది పదిహేడోది.

ఆ గొట్టాన్ని పొయ్యి దగ్గర పెట్టి తిప్పుతూ నేను లెక్క వేసుకున్నాను. ఇది బాగుపడితే రేపు ఆమె పీట తెచ్చుకుని రావలసిన పని ఉండదు. సంత ఇంకా రెండు రోజులు ఉంది. కట్టె బయటికి వచ్చింది. పిండి గీకేశాను. ఆకురాయి పట్టాను. ముప్పై రెండో వంతు తీయాలి. అందులో సగమే తీశాను. కాలిపర్‌తో మూడు చోట్లా కొలిచాను, సరిగ్గా సగం. ఇప్పుడు పొయ్యి వేడికి ఎండి ఉంది కాబట్టి దిగుతుంది. కడిగి వాడితే మర్నాటికల్లా మళ్ళీ పట్టుకుంటుంది. ఆమె తిట్టుకుంటూ వస్తుంది. పొరపాటున జరిగింది కాదు. మేలో చేసింది పొరపాటు. ఇది తెలిసి చేశాను.

ఆమె ముందు కట్టెను వదిలాను. నిట్టూర్చి దిగింది.

“ఇప్పుడు కుదిరినాది,” అన్నది పెద్దమ్మ. గొట్టాన్ని కొంగులో చుట్టుకుని, పీట చంకన పెట్టుకుని వెళ్ళింది.

నాలుగో రోజు ఆమె రాలేదు. మిగిలినవాళ్ళూ రాలేదు, వాళ్ళకు రావలసిన పని లేదు. నా కవ్వాలు కొన్ని అమ్ముడుపోయాయి. ఎంత, తగ్గదా. మధ్యాహ్నం దాటినా హోటలుకు లేవలేదు, లేచిన సమయంలో ఆమె వస్తే కనబడనని. చినుకులు పడుతూనే ఉన్నాయి. కట్టె బిగుసుకునే ఉండాలి. నా లెక్క తప్పదు.

ఐదో రోజు ఉదయం మూట కట్టాను. బండివాడు మధ్యాహ్నానికి వస్తానన్నాడు. ఆకురాయి, గరుకు కాగితం జేబులో పెట్టుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరాను. దోవలో ఒకతన్ని పెద్దమ్మ ఇల్లు ఎక్కడ అని అడిగాను.

“ఈ ఊళ్ళో పెద్దమ్మలు కానోళ్ళెవురబ్బా? పేరు చెప్పు.”

పేరు తెలియదు. కొంచెం ఆలోచించి, “అల్లుడు కోళ్ళగంప మీద పడినాడే, ఆ ఇల్లు” అన్నాను.

“ఓ, అదా!” అని నవ్వుతూ చర్చి వెనక వైపుకు వేలు చూపించాడు.

తాటాకు వసారాలో పొయ్యి, మూకుడు నిండా నూనె. పొయ్యి ముందు ఆమె కూతురు కూర్చుని మురుకులు ఒత్తుతోంది. నా గొట్టంతోనే. పక్కన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు పిండి కలుపుతూ దేనికో పడి పడి నవ్వుతున్నారు. అల్లుడు నడుముకు గుడ్డ బిగించుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు. పెద్దమ్మ నన్ను చూసి లేచింది.

“గొట్టం మళ్ళీ బిగిసిందేమో అని వచ్చాను,” అన్నాను.

“బిగిసింది. నిన్న పొద్దున్నే.” మామూలుగానే చెప్పింది. “మా అల్లుడు గాజుపెంకుతో గీకినాడు. ఇప్పుడు జారుతా ఉండాది.”

“నా దగ్గరికి తేవాల్సింది.”

“ఇంత పనికి నీ దాకానా? మూడు దినాలు అందరివీ చేసి చేసి నీ చేతులు బొబ్బలెక్కినాయి. నేను చూళ్ళా? ఇంగ నిన్ను కష్టపెట్టబాకండి అని నేనే చెప్పినా.”

కూతురు కట్టెను బయటికి తీసినప్పుడు చూశాను. చుట్టూ పెంకు గీతలు. ఒక పక్క ఎక్కువ పోయింది, ఒక పక్క తక్కువ. మళ్ళీ నొక్కినప్పుడు పిండి ఆ పక్క నుంచి పైకి వచ్చింది. ఆమె దాన్ని వేలితో తుడిచి లోపలికి కూరి, మాట ఆపకుండానే నొక్కింది. జేబులో చెయ్యి ఆకురాయి మీదే ఉంది. బయటికి తీయలేదు.

చెప్పాలనుకున్నాను, అది నేను కావాలనే బిగువుగా వదిలానని. పెద్దమ్మ అప్పటికే వెనక్కి తిరిగి లోపలికి కేకేసింది, ఇంకో కంచం పెట్టమని. తర్వాత నా వైపు చూసింది.

“తిన్నావా?”

“తిన్నాను,” అన్నాను. ఎందుకన్నానో తెలియదు. తినలేదు. “బండి వచ్చేసి ఉంటుంది.”

ఆమె ఇంకోసారి అడగలేదు. కాగితంలో మురుకులు పొట్లం కట్టి ఇచ్చింది. “వచ్చే కూటాలకు రా అబ్బయా. గొట్టాలు మాత్రం వదులుగా చెయ్యి,” అన్నది. వసారాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత చేసిన గొట్టాలన్నిటికీ ఖాళీ సరిగ్గా వదిలాను. వానల్లోనూ పట్టుకోలేదు. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఆ రోజు బండి సరుగుడు తోటలు దాటేసరికి పొట్లానికి నూనె మరకలు పట్టాయి. బండివాడికి వాసన తగిలింది. సగం ఇచ్చాను.

“మురుకులు బలే ఉండాయే. మీవోళ్ళు ఉండారా ఈ ఊళ్ళో?”

“ఉన్నారు.”

“ఎవురింట్లో?”

నోటుబుక్కు నా ఒళ్ళోనే ఉంది. అందులో ఆ ఊరి ఆడవాళ్ళు పదిహేడు మందీ వరసగా ఉన్నారు, ఒకటి నుంచి. ఎవరి గొట్టంలో ఎంత కొయ్య తీశానో ఎదురుగా రాసి ఉంది. ఏ వరసలోనూ పేరు లేదు.

“చర్చి వెనక,” అన్నాను. అతను ఎద్దును అదిలించాడు.