పక్కింటి చేపలు, మా ఇంటి నీళ్ళు

పద్మారావు నగర్‌లో చేపల తొట్లు అమ్మే దుకాణానికి వెళ్ళి, నీళ్ళెందుకు తెల్లబడ్డాయని అడిగితే, ముందు ఒక సీసా చేతిలో పెట్టి ఆ తర్వాత కారణం చెబుతారు. మా అమ్మ సీసా లేకుండానే కారణం పట్టుకుంది. అదీ నలభై ఎనిమిదిలో, పోలీసు యాక్షన్ రోజుల్లో, తలుపులన్నీ బిగించుకుని కూర్చున్న ఇంట్లో. పక్కనుండి చూసిన కూతుర్ని కాబట్టి కాస్త గొప్పగానే చెబుతాను.

బోయిగూడలో మా గోడకు ఆనుకుని ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను నేను పిన్ని వరసలో ఖాలా అనేదాన్ని, అమ్మ అక్క వరసలో ఆపా అనేది. కంటోన్మెంట్‌లో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన తెల్లదొరల దగ్గర కొన్న గాజు తొట్టి, అందులోని ఎర్ర చేపలు ఆమెకు ప్రాణం. యూనియన్ సైన్యం వస్తోందన్న మాట వీధిలో పాకగానే వాళ్ళాయన ఆమెను పాతబస్తీలోని చుట్టాలింటికి బయలుదేరదీశాడు. వెళ్ళే ముందు తొట్టి మా ఇంటికి చేరింది.

"బెహన్, నేను వాపస్ వచ్చేదాంక జెర చూస్కో" అంది ఖాలా.

"నువ్ ఫికర్ చెయ్యకు ఆపా" అంది అమ్మ. మా అమ్మ మాటిచ్చిందంటే అది మా ఇంటిల్లిపాది మెడకూ చుట్టుకున్నట్టే.

ఎన్నాళ్ళో గడవకముందే తొట్టిలో నీళ్ళు తెల్లబడ్డాయి. మొదట పలచగా, తర్వాత బియ్యం కడిగిన నీళ్ళలా. "విమానాలు గట్ల తిరుగుతుంటె భూమి అదురుతది. అడుగున మట్టి లేస్తున్నది" అన్నాడు మా నాన్న. ఆఫీసుకు పోయే పని లేక బాపు దగ్గర కారణాలు చాలా పోగుపడ్డాయి. నాయనమ్మ దిష్టి తగిలిందంది. ఉప్పు తిప్పి తొట్టిలో వేయబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

అమ్మకు తెలిసిన మందు ఒకటే, తోమడం. చేపలను బకెట్‌లోకి తీసి, తొట్టినీ అందులోని రాళ్ళనూ ఇత్తడి బిందె తోమినట్టు బూడిదతో తోమి, మొత్తం కొత్త నీళ్ళు పోసింది. మర్నాటికి నీళ్ళు మునుపటికంటే తెల్లగా అయ్యాయి. ఒక చేప పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగసాగింది. అమ్మ మొహం చూసి నాకు భయమేసింది. బయట ఏమవుతోందో అన్న భయంకన్నా అదే ఎక్కువ.

అప్పుడు అమ్మ చేసిన పనిని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. ఆమె ఏమీ చేయలేదు. చాటలో బియ్యం పోసుకుని తొట్టి ఎదురుగా కూర్చుని, రాళ్ళు ఏరుతూ చూసింది. వంగి వాసన చూస్తే పులిసిన గంజి కంపు. పైన సన్నగా జిడ్డు తేలుతోంది. గరిటెతో అడుగు కెలికితే ఉబ్బిన మెతుకులు వచ్చాయి. వాటిని వేళ్ళ మధ్య నలిపింది. నెయ్యి.

ఆ రోజుల్లో మా ఇంట్లో నెయ్యి పడే కంచం ఒక్కటే, నాయనమ్మది. ఆమె ఏనాడూ మొదటి ముద్ద కాకికి పెట్టకుండా తినేది కాదు. పెరటి గోడ మీద పెట్టి, కాకి వచ్చి ముట్టాకే కంచం ముందు కూర్చునేది. ఇప్పుడేమో పెరటి తలుపుకు గడియ, గడియకు అడ్డంగా బియ్యం బస్తా, ఎవరూ తీయొద్దని బాపు ఆజ్ఞ. ఇంట్లో ఉన్న నోరులేని ప్రాణులు ఆ చేపలే. చెబితే కోడలు వద్దంటుందని, పూటకో ముద్ద గుట్టుగా వాటికి పెడుతూ వచ్చింది.

మరొకరైతే అత్తగారిని కడిగేసేవాళ్ళు. నేనైతే తప్పకుండా కడిగేసేదాన్ని. అమ్మ ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం నాయనమ్మకు వడ్డించి, నేరుగా వెళ్ళి బస్తా పక్కకు జరిపింది.

"ఏందీ, పాగల్ అయినవా? బయట ఏమైతున్నదో తెల్వది" అంటూ బాపు లేచాడు.

"కాకులు పొద్దటిసంది గోడ మీద ఒర్లుతున్నయ్. అత్తమ్మ చేతి ముద్దకు అలవాటు పడ్డయ్. ఎన్ని దినాలు ఉపాసం ఉంచుతం?" అంది అమ్మ, గడియ తీస్తూ.

ముందు తాను బయటికెళ్ళి సందు రెండు వైపులా చూసింది. తర్వాత నాయనమ్మను చెయ్యి పట్టి తీసుకెళ్ళింది. కాకి వచ్చింది. నాయనమ్మ ఆ పూట కడుపునిండా తింది. తొట్టి సంగతి వాళ్ళిద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

అమ్మ మళ్ళీ తొట్టి తోమలేదు. కుళ్ళిన మెతుకులు తీసేసి, రోజూ కొన్ని నీళ్ళు మాత్రమే తోడి, బిందెలో తేరుకున్న నీళ్ళు మెల్లగా పోసేది. మేత ఆపేసింది. నీళ్ళు మాత్రం ఏమీ తొందరపడలేదు. ఒకనాడు పొద్దున తొట్టిలోంచి వెనక గోడ మీది సున్నం పెచ్చులు కనిపించాయి. గాలి మింగిన చేప కూడా అడుగున హాయిగా తిరుగుతోంది. అమ్మ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది.

ఊరు సద్దుమణిగాక ఖాలా వచ్చింది. ఒక్కతే వచ్చింది. బుర్ఖా కూడా తీయకుండా తొట్టి దగ్గరికి పోయి చాలాసేపు చూసింది.

"తక్లీఫ్ ఏం కాలే గదా?" అని అడిగింది.

"ఏం కాలే ఆపా" అంది అమ్మ, నాయనమ్మ వైపు చూడకుండా.

ఖాలా అక్కడే నేల మీద కూర్చుంది. "ఆయన మళ్ళ ఈడికి రానంటున్నడు. ఈడ ఎవర్ని నమ్మి ఉండాలె అంటున్నడు. నా చేపల్ని చూసొచ్చి జవాబ్ చెప్తనన్న" అంటూ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వీటిని చూస్కున్నరు. మమ్మల్ని సుత చూస్కుంటరు."