చదవకుండా పడిన ఓట్లు

ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు అక్క ఖాతా నుంచి ఒక ఓటు పడింది. అప్పుడు నేను సూర్యాపేటలో మా వంటింట్లో పాలు పొయ్యి మీద పెట్టి, పొంగుతాయేమోనని పక్కనే నిలబడి ఫోన్ చూస్తున్నాను. ఓటు పడటంలో వింతేమీ లేదు. రోజూ ఆ వేళకు పడేదే. కానీ అక్క చనిపోయి అప్పటికి నెల దాటింది.

అది ఎలా పడిందో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏం చేయాలో తేల్చుకోవడానికే రోజులు పట్టాయి.

మేము చదువుకునే చోటు గురించి కొంత చెప్పాలి. అది ఇంటర్నెట్‌లో ఒక బ్లాగుల వేదిక. ఎవరైనా రాయవచ్చు, నచ్చినవాళ్లు ఓటు వేయవచ్చు. ప్రతి పోస్టుకూ వారం గడువు. వారం కాగానే దానికి వచ్చిన ప్రతిఫలంలో సగం రాసినవాళ్లకు, సగం ఓటు వేసినవాళ్లకు పోతుంది. అంటే మంచి రాతను వెతికి పట్టుకున్నవాళ్లకు కూడా కూలి ఉంటుంది. అయితే అందరి ఓటూ ఒకటి కాదు. చాలాకాలంగా కూడబెట్టుకున్న ఖాతా ఓటుకు బరువెక్కువ. ఎంత పెద్ద ఖాతా అయినా వేసిన ప్రతి ఓటుకూ దాని బలం కొంత తగ్గుతుంది, వేయకుండా ఊరుకుంటే మెల్లగా మళ్లీ నిండుతుంది. అందుకని కనబడినదానికల్లా వేస్తే లాభం లేదు. పెద్ద ఖాతాలవాళ్లు రాకముందే వేసినవాళ్లకు వాటా ఎక్కువ, వాళ్ల వెనక వేసినవాళ్లకు తక్కువ. ఎవరికి వేయాలి, ఎప్పుడు వేయాలి అన్నదే అందులోని పనితనం.

అక్కకు ఆ పనితనం ఉండేది. ఆమె కోదాడలో డీటీపీ షాపు నడిపేది. పెళ్లి కార్డులు, దుకాణాల బిల్లు పుస్తకాలు, కర్మ కార్డులు టైపు చేసి అచ్చుకు పంపేది. ఇరవై ఏళ్లకు పైగా ఊళ్లోవాళ్ల పేర్లు ఒక్కొక్క అక్షరం చదివి దిద్దిన మనిషి. వేదికలో కూడా అలాగే చదివేది. ముందు పోస్టు చివరి పేరా చదివేది. అది నిలబడితేనే మొదటికి వచ్చేది.

"మొదలు అందరూ బాగానే రాస్తారు తమ్ముడూ. అలిసిపోయిన చోట ఎట్లా రాశారో చూడాలి" అనేది.

మొత్తం చదివాక ఓటు వేసేది. ఓటు వేశాక కింద ఒక వాక్యం రాసేది. ఆ వాక్యంలో, పూర్తిగా చదివినవాళ్లకు తప్ప తెలియని సంగతి ఒకటి తప్పకుండా ఉండేది. బాగుంది, అద్భుతం అన్న మాటలు ఆమె ఎప్పుడూ రాయలేదు.

ఆమె ఎవరూ చూడని రచయితలనే వెతికేది. దయతో మాత్రమే కాదు. పేరున్నవాళ్ల దగ్గరకు అందరూ పోతారు, అక్కడ వాటా మిగలదు. పేరులేనివాళ్ల దగ్గర మొదటి ఓటు మనదే అవుతుంది, రాత మంచిదైతే పెద్దవాళ్లు ఎలాగూ తర్వాత వస్తారు. ఈ లెక్క ఆమెకు బాగా తెలుసు, దాచుకునేది కాదు. వచ్చిన ప్రతిఫలంతో పుస్తకాలు కొనేది. తను మొదట పట్టుకున్న మనిషి దగ్గరకు పెద్ద ఖాతా వచ్చిన రోజు నేను కాలేజీలో పాఠం చెబుతుంటే క్లాసు మధ్యలో ఫోన్ చేసి మరీ చెప్పేది.

మాకు మిర్యాలగూడలో ఒక మిత్రుడున్నాడు. రైసుమిల్లులో వడ్లు కొనే పని. ట్రాక్టరు గేటు దాటగానే పిడికెడు వడ్లు తీసి, ఒక్క గింజ కొరికి తేమ ఎంతో చెప్పేస్తాడు. పోస్టుల దగ్గర కూడా అతనిది అదే పద్ధతి. ఒక్క వాక్యం చూసి మనిషిని తేల్చేసేవాడు, తేల్చిన మనిషి పేరు ఆటో ఓటులో పెట్టేసేవాడు. ఆ మనిషి ఏం రాసినా, పోస్టు పడిన కొద్ది నిమిషాలకు యంత్రమే అతని పేరు మీద ఓటు వేస్తుంది. కొంతకాలానికి అంత కష్టం కూడా మానుకున్నాడు. అక్క ఎక్కడ ఓటు వేస్తే తన ఖాతా కూడా అక్కడే వేసేలా పెట్టుకున్నాడు. అతన్ని చూసి ఇంకా కొందరు పెట్టుకున్నారు.

మేం ముగ్గురం ఎప్పుడైనా ఆదివారం అక్క షాపులో కలిసేవాళ్లం. సగం షట్టరు దించి కూర్చునేవాళ్లం. నేను నిదానంగా చదువుతాను, చాలాసార్లు గడువు దాటాక ఓటు వేస్తాను. అప్పుడు దానివల్ల ఎవరికీ ఏమీ రాదు. పెళ్లయిపోయాక కార్డు దిద్దేవాడు నా తమ్ముడు అని అక్క ఎత్తిపొడిచేది. మిత్రుణ్ణి సేటూ అని పిలిచేది. బావ పక్కనే ఉన్న తన మోటారు పంపుల దుకాణం నుంచి టీ పంపించి, మీ చదువుల సంపాదన మీకు, టీ ఖర్చు నాకు అనేవాడు.

పాలకీడు వైపు గొర్రెలు పెంచే ఇంటి కోడలు ఒకావిడను కూడా అక్కే పట్టుకుంది. ఆవిడ పొద్దున్నే మందను తోలకముందు ఫోన్‌లో రాసి పెట్టేది. చిన్న పోస్టులు. ఒకసారి పుట్టిన పిల్లను తల్లి గొర్రె దగ్గరకు రానివ్వని సంగతి రాసింది. మిత్రుడు అక్క వెనక ఓటు పెట్టుకోకముందు సంగతి అది, ఆ పోస్టుకు అక్కది ఒక్కటే ఓటు. పిల్ల ఒంటికి ఉప్పు పూసి తల్లి చేత నాకించారని చెప్పావు, ఎంతసేపు పట్టిందో చెప్పలేదే అని అక్క కింద రాసింది. ఆవిడ మర్నాడు దాని మీదే ఇంకో పోస్టు రాసింది. అప్పటి నుంచి అక్కను అమ్మా అని పిలిచేది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఆపరేషన్ కోసం అక్క హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చినప్పుడు తనకు భయం వేసిందని చెప్పలేదు. తను లేని ఆ కొన్ని రోజులు తను ఓటు వేసే రచయితలందరూ ఏమనుకుంటారో అన్నది మాత్రం చెప్పింది. మిత్రుణ్ణి పిలిపించి, తన ఖాతాకు ఆటో ఓటు పెట్టమంది. కొందరి పేర్లు ఇచ్చింది. పాలకీడు ఆవిడ పేరు అందులో మొదటిది.

"ఇన్ని దినాలకు నా తొవ్వకొచ్చినవ్ అక్కా" అన్నాడతను.

"నీ దారికి రాలేదు సేటూ. తిరిగి వచ్చేదాకా నీ దారి పక్కన కాసేపు నిలబడతాను" అంది అక్క.

తిరిగి రాలేదు. ఆ హడావుడిలో యంత్రం సంగతి మాకెవరికీ గుర్తు రాలేదు.

పాలు దించాక ఆ ఓటు ఎక్కడ పడిందో చూశాను. పాలకీడు ఆవిడ పోస్టు మీద. దాని కిందనే మిత్రుడి ఓటు, అతని వెనక ఇంకా చాలా ఓట్లు. అక్క వెనక ఓటు పెట్టుకున్నవాళ్లు పెరిగినట్టున్నారు, ఆవిడ పోస్టులకు అంతకుముందు ఎప్పుడూ అన్ని పడలేదు. ఓట్ల కింద ఆవిడే ఒక మాట రాసుకుంది.

"అమ్మా, ఓట్లు మస్తు పడుతున్నయ్ గని మీరు ఒక్క ముక్క గూడ అంటలేరు. నా రాత మంచిగ ఉంటలేదా? ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. బాగలేకుంటే బంద్ జేస్త."

వెనక్కి వెళ్లి చూశాను. నెల రోజులుగా ఇదే. అక్క ఓటు, దాన్ని పట్టుకుని మిగతావాళ్ల ఓట్లు. ఒక్క మాట లేదు. అక్క ఓటు ఉందని మిత్రుడు చదవలేదు, వాళ్లిద్దరి ఓట్లూ ఉన్నాయని మిగతావాళ్లు చదవలేదు. ఆవిడకు ప్రతిఫలం మునుపటి కంటే బాగా వస్తోంది. నెల నుంచి ఆవిడ రాసింది మాత్రం ఒక్కరు కూడా చదవలేదు. నేను కూడా.

ఆ శనివారం మిర్యాలగూడ వెళ్లాను. మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్లు వరుసగా ఆగి ఉన్నాయి. మిత్రుడు నన్ను బండ్లు తూచే ధర్మకాంటా గదిలో కూర్చోబెట్టాడు. విషయం అతనికి ముందే తెలుసు. తెలియనట్టు నటించలేదు. రోజూ పొద్దున్న ఆ ఓటు చూస్తూనే ఉన్నానన్నాడు. అక్క ఫోన్ అడిగి ఆపడానికి మనసు రాలేదన్నాడు.

"ఉండనీయుండ్రి సార్. అది పడ్డప్పుడల్లా మనిషి ఉన్నట్టే ఉంటది."

"ఆవిడ రాయడం మానేస్తానంటోంది" అన్నాను.

అతను కిటికీలోంచి ఒక ట్రాక్టరును ముందుకు రమ్మని చెయ్యి ఊపాడు. "అట్లయితే అక్క పేరు మీదనే మీరు రెండు ముక్కలు రాయుండ్రి. అక్క మాట తీరు మీకు తెల్వదా? ఆమె సంతోషపడతది, రాసుకుంటది. ఇందుల ఎవలకు నష్టం?"

తిరుగు బస్సులో ఆవిడ పోస్టు చదివాను. చివరి పేరా ముందు చదివాను, నాకు తెలియకుండానే. కాలు విరిగిన గొర్రెకు వెదురు బద్దలు కట్టడం గురించి రాసింది. కట్టు విప్పిన రోజు అది మూడు కాళ్ల మీదే నడిచిందని, నాలుగోది బాగైన సంగతి దానికి తెలియలేదని రాసింది. ఫోన్‌లోనే ఒక వాక్యం టైపు చేశాను. తెలిసేదాకా ఎవరు ఓపిక పట్టారో అది కూడా రాయవలసింది, అని. చదువుకున్నాను. అచ్చం అక్క రాసినట్టే ఉంది. దాన్ని చూడటం నాకు బాగుంది. ఇలాంటివి రోజూ ఒకటి రాయగలను, సంవత్సరాల తరబడి రాయగలను అనిపించింది. బస్సు సూర్యాపేట చేరకముందే దాన్ని తుడిచేశాను.

రాత్రి మిత్రుడికి ఫోన్ చేసి, యంత్రం ఆపేద్దామన్నాను. మర్నాడు ఇద్దరం కోదాడ వెళ్లాం. అక్క ఫోన్ బావ దగ్గరే ఉంది. ఆయన దాన్ని రోజూ చార్జింగ్ పెడుతున్నాడు. విషయం చెప్తే ఎలా తీసుకుంటాడోనని నేనే మాట వెతుక్కుంటున్నాను. ఆయన మొత్తం విని ఒక్కటే అడిగాడు.

"మీ అక్క ఎప్పుడన్నా చదవకుండా వేసిందా?"

"లేదు బావా."

"మరి ఇంకేంటి. తీసెయ్యండి."

ఫోన్ మిత్రుడి చేతికిచ్చి బయటకు వెళ్లాడు. ఆరోజు టీ ఆయనే స్వయంగా తెచ్చాడు. మిత్రుడు అక్క ఇచ్చిన పేర్లు ఒక్కొక్కటి తీసేశాడు. మొదటి పేరు చివరికి ఉంచుకున్నాడు. దాన్ని కూడా తీసి, జేబులోంచి తన ఫోన్ తీసి, అక్క వెనక పడే తన ఓట్లను కూడా ఆపేశాడు. ముఖం తుడుచుకున్నాడు. "అక్క సదువుతది గద అని నేను ఎన్నడు సదవలే" అన్నాడు.

పాలకీడు ఆవిడకు నా ఖాతా నుంచే రాశాను. మీరు అమ్మా అని పిలిచిన మనిషికి నేను తమ్ముణ్ణి. ఆమె నెల క్రితం ఆపరేషన్ తర్వాత చనిపోయింది. ఈ నెల పడిన ఓట్లు యంత్రం వేసినవి. ఆమె పెట్టించింది, తిరిగి వచ్చేదాకా మీరు ఆగిపోకూడదని. ఈ నెలలో మీరు రాసినవన్నీ నిన్నా ఇవాళా చదివాను. ఇంతకు మించి రాయలేదు. ఓదార్పు మాటలు రెండు రాసి కొట్టేశాను.

మర్నాడు జవాబు వచ్చింది.

"నెల దినాల సంది ఎవ్వరు సదవలేదన్నట్టు." దాని కింద కొంచెం ఖాళీ వదిలి, "అమ్మకు మస్తు నొప్పి అయిందా?"

రెండు రోజులు నొప్పి ఉంది, తర్వాత స్పృహ లేదు అని రాశాను. అడిగింది కాబట్టి ఉన్నది చెప్పాను. ఆసుపత్రిలో ఆ రెండు రోజుల గురించి అంతకుముందు ఎవరూ నన్ను అలా సూటిగా అడగలేదు.

తర్వాత ఆవిడ పోస్టులు ఆగిపోయాయి. నేను చేసింది సరైనదో కాదో తేల్చుకోలేకపోయాను. రాసుకునే మనిషిని నిజం చెప్పి ఆపేశానేమో. పొద్దున పాల దగ్గర నిలబడి చూసేవాణ్ణి. మిత్రుడు ఫోన్ చేసి, ఏమన్న పడ్డదా సార్ అని అడిగేవాడు. అతనూ చూస్తూనే ఉండేవాడు, అయినా అడిగేవాడు.

వానలు పట్టాక ఒక రోజు పడింది. మందలో ఒకటి బురదలో కూరుకుపోతే అత్తాకోడళ్లు కలిసి లాగడం గురించి. లాగినంతసేపూ అత్త ఆవిడను తిట్టిందట, బయటికి వచ్చాక దాన్ని తిట్టిందట. నేను రెండుసార్లు చదివి ఓటు వేశాను. నా ఓటుకు బరువు తక్కువ, పెద్దగా ఏమీ రాదు. కింద నా వాక్యం నేను రాశాను. ఆ గొర్రె బయటపడ్డాక మీ అత్త చేతులు కడుక్కోకుండా దాని మూతి తుడిచారు, అది నాకు నచ్చింది అని.

సాయంత్రానికి జవాబిచ్చింది.

"అది గొర్రె గాదు సార్, పొట్టేలు. మీద రాసిన. మల్లొకసారి సదువుండ్రి."

మళ్లీ చదివాను. పొట్టేలే. అక్క అయితే ఆ పొరపాటు చేసేది కాదు. తప్పు ఒప్పుకుంటూ రాశాను. మిత్రుడు దాని కింద నవ్వుతూ ఏదో రాశాడు. అతను ఇప్పుడు మధ్యాహ్నం అన్నం తింటూ చదువుతాడు, చదివి వేయబట్టి రాబడి సగానికి పడిపోయిందని నాతో సణుగుతాడు. ఆవిడ వారానికి ఒకటి రెండు రాస్తోంది. ఒక్కోసారి మా ఇద్దరి ఓట్లే ఉంటాయి.

అక్క ఖాతా అలాగే ఉంచాం. దాని బలం పూర్తిగా నిండి ఉంది. దాంతో ఎవరూ ఓటు వేయడం లేదు.