వేట ఆగిన రోజుల్లో వచ్చిన పిల్లి

నా చేతులంటే ఈ ఊళ్లో అందరికీ భయమే. ముప్ఫై ఏళ్లు నర్సుగా చేశాను. అందులో చివరి పదకొండేళ్లు జువ్వలదిన్నె దగ్గరున్న ఈ చేపల ఊళ్లోనే. ఇక్కడి పిల్లల్లో నేను సూది వెయ్యని తొడ లేదు. ఇప్పటికీ నేను వీధిలో నడుస్తుంటే, అన్నానికి మారాం చేసే పిల్లలకు తల్లులు నన్ను చూపిస్తారు. "అదిగో నర్సమ్మ వస్తుండాది, తింటావా, సూదేయించమంటావా?" ఆ మాటకు నోట్లో ముద్ద గబుక్కున లోపలికి పోతుంది. రిటైరయ్యాక నాకు మిగిలిన ఉద్యోగం అదే.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లెవరికీ చెప్పలేదు, ఇక్కడా చెప్పను. రిటైరయిన రోజే నెల్లూరు పక్కనున్న వెంకటాచలం ఊరి నుంచి చెల్లెలు ఫోన్ చేసి వచ్చేయమంది. నేనే వెళ్లలేదు. ఊరంతా నాకు తెలుసు, నేను ఊరంతటికీ తెలుసు, ఇక్కడ ఒంటరితనం ఎక్కడిది అనుకున్నాను. అబ్బో, ఏం తెలివి!

మనుషులు రాకపోలేదు. బీపీ చూపించుకోడానికి వస్తారు. గాలం గుచ్చుకున్న వేలికి కట్టు కట్టించుకోడానికి వస్తారు. ఆదివారం చర్చి దగ్గర "వందనాలక్కా" అంటూనే మోచెయ్యి చాపి "ఈ దద్దుర్లు ఏందో చూడు" అంటారు. గేటు చప్పుడైతే చాలు, ఎవరో చూడకుండానే లోపలి నుంచి "ఏం కావాలి?" అని కేకేసేదాన్ని. ఆస్పత్రి వరండా నిండా జనం ఉన్న రోజుల్లో నోటికి అలవాటైన మాట అది. వచ్చినవాళ్లు ఏం కావాలో చెప్పేవాళ్లు, ఆ పని చేసేదాన్ని. టీ పెడతానంటే "ఇంకోసారి తాగుతాలేక్కా" అని చెప్పులు వేసుకునేవాళ్లు. వాళ్లు మలుపు తిరిగేదాకా చూసి, ఒక్కదానికే టీ పెట్టుకునేదాన్ని. పైకి గయ్యాళిలా కనపడతాను గానీ, ఆ టీ గొంతు దిగేది కాదు.

పిల్లి వచ్చింది ఎండాకాలంలో, వేట నిషేధం మొదలైన కొత్తలో. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు బోట్లు సముద్రంలోకి పోకూడదు. హార్బరులో వేలంపాటలుండవు, ఐసు లారీలు రావు. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, బోట్లకు రంగులేసుకుంటూ గడుపుతారు. ఆ హడావుడిలో అందరూ మర్చిపోయేది పిల్లుల్నే. ఏడాది పొడుగునా చేప తలకాయలు తిని బలిసినవి, ఆ రెండు నెలలూ డొక్కలెండిపోయి ఇళ్ల మీద పడతాయి.

ఇది బూడిద రంగు ఆడపిల్లి. ఎడమ చెవి చిరిగి ఉంది. బట్టలుతికే బండ పక్కన కూర్చుని నన్ను చూసింది. నేను అలవాటు కొద్దీ "ఏం కావాలే?" అన్నాను. అరవలేదు, కదల్లేదు. అన్నంలో నాలుగు ఎండు నెత్తళ్లు నలిపి సత్తు పళ్లెంలో పెట్టాను. నేను లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసేదాకా పళ్లెం దగ్గరికి రాలేదు.

అలా ఇరవై రోజులు పెట్టాను. చెయ్యి చాపితే మాత్రం ఒళ్లంతా విల్లులా వంచి, బుస్సుమని గోడెక్కేది. తిండి నాది కావాలి, నేను అక్కర్లేదు. పక్కింటామె ఎండు చేపలు అమ్ముతుంది, ఆమె మొగుడు బోటు మీద పోతాడు. గోడ మీదనుంచి ఇదంతా చూసి పకపకా నవ్వేది. "నిన్ను చూస్తే మనుషులే పారిపోతారు గదక్కా, పిల్లి నిలబడద్దా?" నవ్వులాటకే అంది. నాకు మాత్రం గుచ్చుకుంది.

ఈలోపు దాని చెవి చీము పట్టింది. ఈగలు ముసురుతున్నాయి. చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. అసలు నాకు చేతకానిదే అది. ఎంత మొండి పిల్లల్ని మోకాళ్ల మధ్య నొక్కిపెట్టి సూదులేశాను, ఇంత పిల్లి ఒక లెక్కా అనుకున్నాను. అది పళ్లెంలో తల పెట్టగానే వెనకనుంచి తువ్వాలు కప్పి, మెడ తోలు బిగించి పట్టి, చెవి తుడిచి మందు వేశాను. నిమిషం కూడా పట్టలేదు. చెయ్యి సడలించిన క్షణంలో నా బొటనవేలి మొదట్లో కసుక్కున కొరికి గోడ దూకి పోయింది.

"నీ దుంప తెగ!" అని అరిచాను. అరుస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు. పోతూ అది ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది, అందుకు.

సబ్బుతో చాలాసేపు చెయ్యి కడుక్కుని, ఆటో ఎక్కి, బస్సు పట్టుకుని నెల్లూరు వెళ్లాను. ఊరందరికీ సూదులేసిన దాన్ని ఆస్పత్రి బల్ల మీద చీర కొంగు సర్దుకుని కూర్చున్నాను. నర్సు చిన్నపిల్ల. నా జబ్బ ఎడమ చేత్తో పట్టుకుని, "అమ్మా, ఇప్పుడు వేస్తానమ్మా, సరేనా?" అని అడిగింది. అడిగి ఊరుకోలేదు, నేను సరేననేదాకా ఆగింది. నా సర్వీసులో నేనెవర్నీ అలా అడగలేదు. మాటల్లో పెట్టి పొడిచెయ్యడం నా పద్ధతి. సూది తీశాక దూది నొక్కి కాసేపు అలాగే పట్టుకుంది. వెచ్చగా, మెత్తగా ఉంది ఆ పిల్ల చెయ్యి. నన్ను ఒక మనిషి పట్టుకుని ఎన్నాళ్లయిందో గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తు రాలేదు.

"నొప్పిగా ఉందామ్మా?" అంది.

అవునన్నాను. ఇంకేమనను?

పిల్లి పది రోజులు బతికుందో లేదో కనిపెట్టి ఉండమన్నాడు డాక్టరు. అది కనపడితే గదా! రోజూ పొద్దున్నే చేతికి కట్టుతో, ఎండకు తలమీద కొంగేసుకుని, ఖాళీ బోట్ల మధ్య తిరిగాను.

"ఆ పిల్లి కోసమేనా అక్కా ఎతుకుతుండావు?" అంది పక్కింటామె.

"డాక్టరు చెప్పినాడు మే. అది చస్తే నాకు ముప్పు."

అబద్ధం. సూదులు ఎటూ పూర్తిగా వేయించుకుంటాను, అది నాకు తెలియందా? అది మళ్లీ రాకపోతే నా గేటు దగ్గర ఏ పనీ లేకుండా కూర్చునే ప్రాణం ఒక్కటీ ఉండదు, అదీ నా బాధ.

ఆరో రోజు సాయంత్రం వచ్చింది. చెవి ఆరింది, మానుతోంది. కానీ బట్టలుతికే బండ దగ్గరికి కూడా రాలేదు, గోడ మీదే కూర్చుంది. నాకు ఆస్పత్రిలో ఆ నర్సుపిల్ల ఆగడం గుర్తొచ్చింది. పళ్లెం పెట్టి లోపలికి పోలేదు, దగ్గరికీ పోలేదు. వరండాలో కడప బండల మీద చతికిలబడి, చెయ్యి వెల్లకిలా నేలమీద పెట్టి, అటు పక్కకు చూస్తూ కూర్చున్నాను. మోకాళ్లు సలిపేశాయి. దోమలు కుట్టాయి. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమని నాకు అరవై ఏళ్లు దాటాక తెలిసింది.

మొదట నాలుగు బండల అవతల ఉండేది. వారం తిరిగేసరికి మూడు. నేను దగ్గితే మళ్లీ నాలుగు. ఏదో ఒకటి మాట్లాడేదాన్ని దానితో. కందిపప్పు ఉడకలేదనీ, చెల్లెలు ఫోన్లో ఎప్పుడూ తన షుగర్ సంగతే చెబుతుందనీ, చనిపోయిన మా అమ్మ నా జడ బిగించి అల్లేదనీ. తల ఎత్తి వినేది, లేదా విననట్టు కాలు నాక్కునేది. రెండు బండలయింది. తర్వాత ఒకటి.

ఒకరోజు నా వేళ్లు వాసన చూసింది. ఊపిరి బిగబట్టాను. మానిన చెవిని నా వేలి కణుపులకు ఒక్కసారి రాసి, ఏమీ ఎరగనట్టు పళ్లెం దగ్గరికి పోయింది. నేను చెయ్యి కదపలేదు. ఎంత ఆపుకుందామన్నా ఏడుపు ఆగలేదు. సిగ్గేం లేదు చెప్పుకోడానికి, వెక్కి వెక్కి ఏడ్చాను.

గోడవతల నుంచి పక్కింటామె చూసింది. ఈసారి నవ్వలేదు. "పిచ్చి పెట్టుకోబాక అక్కా. ఇప్పుడంటే యాడా తిండి లేదు. వేట మొదలవనీ, ఒక్క బోటు తిరిగొచ్చిందంటే అది నీ మొహం గూడా చూడదు" అంది. నా మంచికే చెప్పింది. నేనే చిందులు తొక్కాను. "నీకెందుకు మే? నీ చేపలేవో నువ్వు ఎండబెట్టుకో ఫో!" అన్నాను. ఆ తర్వాత ఆమె నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆమె చెప్పింది నిజమని నాకూ అనిపించింది. అవసరం తీరాక నా ఇంట్లో ఎవరు కూర్చున్నారు గనక?

వేట మొదలైంది. తెల్లవారుజామున బోట్లకు కొబ్బరికాయలు కొట్టి, టపాకాయలు కాల్చి, కేకలు వేసుకుంటూ వెళ్లారు. అవి తిరిగొచ్చిన రోజునుంచి పిల్లి కనపడలేదు. మూడు సాయంత్రాలు సత్తు పళ్లెం చీమల పాలయింది. నాలుగో రోజు సంచి పట్టుకుని, చేపల వంకతో హార్బరుకి వెళ్లాను. వేలం అరుపులు, ఐసు నీళ్లు, కాలు పెట్టే సందు లేదు. అక్కడ ఒక ట్రే వెనకాల ఉంది. తన తలకంటే పెద్ద చేప తలకాయ ముందు పెట్టుకుని తింటోంది. నన్ను చూసింది. నేను పిలవలేదు. అది మళ్లీ తలకాయ మీదికి వంగింది.

చేపలు కొనకుండానే వచ్చేశాను. ప్రాణం ఉసూరుమంది. మధ్యాహ్నం వంట చెయ్యలేదు. చెల్లెలికి ఫోన్ చేసి, నీ ఇంట్లో వెనక గది ఖాళీగానే ఉందా అని అడిగాను.

అయినా పొద్దు వాలేసరికి చేతులు వాటంతట అవే అన్నం కలిపాయి. పళ్లెం పెట్టి, కూర్చునే చోటే కూర్చున్నాను.

వచ్చింది. పొట్ట నేలకు తగిలేలా ఊగుతోంది. మీసాల దగ్గర పచ్చి చేప వాసన. పళ్లెం వాసన చూసింది, ముట్టుకోలేదు. పళ్లెం దాటి, ఆఖరి బండ కూడా దాటి, నా అరచేతిలో గడ్డం ఆనించి, బరువంతా నా తొడకు చేరేసి పడుకుంది. గురగురమని దాని డొక్క అదురుతుంటే నా ఒళ్లు కూడా అదిరింది.

"ఆకలి లేదుగదే నీకు" అన్నాను. "మరెందుకొచ్చినావు?"

అప్పుడే గేటు చప్పుడైంది. పక్కింటామె, చేతిలో చిన్న గిన్నె. నోట్లోకి వచ్చేసింది, ఏం కావాలి అని. నాలిక చివరిదాకా వచ్చిన ఆ మాటను మింగేశాను. ఇన్నేళ్లుగా పనేమీ లేకుండా ఇటు రావాలనుకున్నవాళ్లని కూడా ఆ మాటతోనే ఎంతమందిని గేటు దగ్గర ఆపేశానో.

"రా మే" అన్నాను. "లేవలేను, నువ్వే రా. కూర్చో."

ఆమె నా మొహం వంక అనుమానంగా చూసి, గిన్నె పక్కన పెట్టి, రెండు బండల అవతల కూర్చుంది. పిల్లి కళ్లు తెరిచింది గానీ లేవలేదు. ఆమె దాని వైపు చెయ్యి చాపబోయింది.

"ముట్టుకోబాక. ఊరికే కూర్చో" అన్నాను.

ఊరికే కూర్చుంది. చాలాసేపు కూర్చుంది.