ఖాళీ కుర్చీ, స్టీల్ గిటార్

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. పత్రికలో పనిచేసినన్నాళ్ళూ అలాంటి వార్త వస్తే లోపలి పేజీకి కూడా పంపేవాణ్ణి కాదు.

కరోనా రోజుల్లో విమానాలు ఆగిపోయి, జర్మనీలో స్టుట్‌గార్ట్ దగ్గర మా తమ్ముడు కిరణ్ ఇంట్లో చిక్కుకుపోయాను. ఇంటి యజమానురాలు హెల్గా కింది వాటాలో ఉండేది. ఆవిడ భర్త ముప్పై ఏళ్ళు ఒక బ్యాండులో స్టీల్ గిటార్ వాయించి, ఆ వసంతంలోనే పోయాడు. ఎడారి రాక్, అమెరికన్ కంట్రీ కలిసిన పాటలు వాళ్ళవి. ఎండలో నడిచినట్టు నిదానంగా సాగుతాయి.

ఇంట్లో ఆయన గిటార్ వినిపిస్తోందని ఆవిడ అనడం మొదలుపెట్టింది. తల్లికి మతి తప్పుతోందని కొడుకు వృద్ధాశ్రమం మాట్లాడేశాడు. ఆవిడకు ఆ ఇల్లు వదలడం ఇష్టం లేదు.

వేసవిలో ఆ బ్యాండు ఆటోకినోలో, అంటే కార్లలోనే కూర్చుని సినిమా చూసే మైదానంలో, కచేరీ చేసింది. ఎవరి కార్లో వాళ్ళు కూర్చోవాలి, పాట కారు రేడియోలో వస్తుంది, చప్పట్లకు బదులు హారన్లు. హెల్గాను మేమే తీసుకెళ్ళాం. ఇంకా ఎండ తగ్గలేదు. వేదిక మీద ఆయన కుర్చీ ఖాళీగా ఉంచారు.

రెండో పాటలో స్టీల్ గిటార్ మోగింది. వెనక సీట్లో హెల్గా, "ఆయనే" అంది.

నాకు తమ్ముడి మీదే అనుమానం వచ్చింది. "ఆవిడ కోసం నువ్వు ఫోన్లోంచి పాత రికార్డేమైనా పెట్టావురా?"

"అబ్బా, ఇంటర్వ్యూ ఆపు అన్నయ్యా! నా ఫోన్ నీ జేబులోనే ఉంది, చూస్కో."

నిజమే. గేటు దగ్గర టికెట్ చూపించి నేనే జేబులో వేసుకున్నాను.

రేడియో ఆపిస్తే గిటార్ ఆగింది. పెట్టిస్తే మళ్ళీ వచ్చింది. అద్దం దించి పక్క కారులో పాట విన్నాను. అదే పాట, స్టీల్ గిటార్ లేదు. కచేరీ అయ్యాక సౌండ్ చూసే మనిషిని రెండుసార్లు అడిగాం. పాత రికార్డింగేదీ కలపలేదన్నాడు. దాస్తున్నాడేమోనని అతని ముఖం పరీక్షగా చూశాను. అతను నన్నే అనుమానంగా చూశాడు.

మర్నాడు కొడుకు వచ్చాడు. హెల్గా మమ్మల్ని పిలిపించింది. తనూ గిటార్ విన్నానని కిరణ్ అంటే అతను పట్టించుకోలేదు. అద్దెకుండేవాడు యజమానురాలి మాట కాదంటాడా అన్నట్టు చూశాడు.

నా వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగాడు: "మీరు జర్నలిస్టట కదా. మీరూ విన్నారా?"

"విన్నాను. ఎలా వచ్చిందో మాత్రం చెప్పలేను."

అతను వెళ్ళి తల్లి పక్కన కూర్చున్నాడు. తర్వాత ఆశ్రమానికి ఫోన్ చేసి, అమ్మ ఇప్పుడే రావడం లేదని చెప్పాడు.

ఆ గిటార్ సంగతి నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. హెల్గాకు మతి తప్పిందంటే మాత్రం, ఆ సాయంత్రం నాకూ తప్పిందని ఒప్పుకోవాలి.