సందేహం గారి సంతకం

ల్యాబ్‌లో అందరూ ఆయన్ని సందేహం గారనే పిలుస్తారు. గుండె వేగం చూపే చేతిపట్టీల కోసం అక్కడ రిబ్బనులా వంగే బ్యాటరీలు తయారుచేస్తారు. అవి మనిషి ఒంటి మీద నిలుస్తాయో లేదో తేల్చడం ఆయన పని. యంత్రం పదివేలసార్లు వంచి పచ్చలైటు వెలిగించినా ఆయన మొహం మాత్రం వెలగదు. లోపలి పొరలు విడిపోతున్న చప్పుడు వస్తుందేమోనని బ్యాటరీని చెవి దగ్గర పెట్టుకుని వంచుతారు. ఎవరో అబద్ధం చెబుతుంటే వింటున్నట్టు కళ్ళు చిట్లిస్తారు.

మొన్నామధ్య కొత్తరకం బ్యాటరీ తయారుచేసిన అమ్మాయి వచ్చి, "అన్ని పరీక్షలూ పాసైంది బాబాయ్ గారూ, సంతకం పెట్టేయండి" అంది.

"యంత్రం ఎప్పుడూ ఒకేవైపు వంచుతుందమ్మా. మనిషి చెయ్యి అలా ఊరుకుంటుందా? దీన్ని నమ్ముకుని ఓ గుండెజబ్బు మనిషి కంటినిండా నిద్రపోవాలి" అంటూ దాన్ని తడిబట్ట పిండినట్టు మెలిపెట్టారు. దానికి తగిలించిన మీటరు ముల్లు కాస్తయినా కిందికి దిగలేదు. మీటరు మీదే అనుమానమొచ్చి ఇంకోటి తెప్పించారు. అదీ అదే మాట చెప్పింది. చివరికి ఆ బ్యాటరీతో పట్టీ చేయించి తన చేతికే కట్టుకున్నారు. నెల రోజులు గిన్నెలు తోమేటప్పుడు కూడా విప్పకపోయేసరికి, ఇంట్లో ఆవిడకి ఆయన మీద అనుమానం మొదలైంది. పట్టీ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

నిన్న సంతకం పెట్టారు.

"హమ్మయ్య! ఇక విప్పేయండి బాబాయ్ గారూ."

"ఉండనీ."

"ఇంకా దాని మీద అనుమానమేనా?"

"దాని మీద లేదమ్మా." ఆయన చొక్కా చెయ్యి పట్టీ మీదికి లాక్కున్నారు. "సంతకం పెట్టింది నేను కదా."